ఇంట్లో పిట్ట గూడు పెట్టిందా? పిల్లల్ని బెదరగొట్టకుండా ఇలా చూడండి

ఎండాకాలం మొదలైతే చాలు, హనుమకొండ, కాజీపేట కాలనీల్లో ఎవరో ఒకరింట్లో కరివేపాకు చెట్టులోనో, పోర్టికో మీదికి పాకిన మనీప్లాంట్‌లోనో పిట్ట గూడు పెడుతుంది. ఇక ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని దాని చుట్టే తిరుగుతారు. సంతోషమే, ఎవరికుండదు? కానీ ఆ గూట్లో పిల్లలు ఎగిరిపోయే రోజుదాకా మీరు చూడాలనుకుంటే ఒక్క అలవాటు మార్చుకోవాలి. గూట్లోకి తొంగి చూడటం తగ్గించి, వచ్చీపోయే తల్లిని, తండ్రిని చూడటం మొదలుపెట్టాలి. గూట్లో పిల్లలున్నాయా, ఎంత పెద్దవయ్యాయి, ఆకలితో ఉన్నాయా, మీరు కూర్చున్న చోటు వాటికి ఇబ్బందిగా ఉందా అన్నదంతా చాలావరకు ఆ పెద్ద పిట్టల ముక్కులోనే కనిపిస్తుంది. ఇది ఒక్కటి పట్టుబడితే మిగతాదంతా తేలికే.

ముందు అది ఏ పిట్టో తెలుసుకోండి

మన వైపు ఇళ్ల మధ్య ఎక్కువగా గూడు పెట్టేది పిగిలిపిట్ట, అంటే చాలామంది బుల్‌బుల్ అని పిలిచేది. నల్లటి తల, తల మీద చిన్న జుట్టు, తోక మొదట్లో కింది వైపు ఎర్రటి మచ్చ. సన్నటి పుల్లలను సాలీడు దారాలతో బిగించి, లోపల వేర్లు పరిచి, గిన్నె ఆకారంలో గూడు కడుతుంది. తరచూ మన చేతికందే ఎత్తులోనే ఉంటుంది. లేత గులాబీ రంగు మీద ఎర్రటి చుక్కలున్న గుడ్లు రెండో మూడో పెడుతుంది. పొదగడానికి దాదాపు 12 రోజులు, ఆ తర్వాత పిల్లలు గూట్లో ఉండేది ఇంకో 12 రోజులు, ఒకటి రెండు అటూ ఇటూ. అంటే గుడ్లు కనిపించిన రోజు నుంచి మీ చేతిలో ఉన్నది మూడు వారాల చిల్లర మాత్రమే. సెలవులకు ఊరికి పోయొచ్చాక తీరిగ్గా చూద్దాం అనుకుంటే ఖాళీ గూడే మిగులుతుంది.

వేలాడే తీగకో, వైరు ముక్కకో సంచిలాంటి గూడు కట్టి, ద్వారం మీద చిన్న చూరు దించితే అది తేనెపిట్ట. కట్టేదీ పొదిగేదీ ఆడదే, పిల్లలయ్యాక మేత తేవడానికి మగదీ వస్తుంది. రెండు మూడు పెద్ద ఆకులను దగ్గరికి లాగి అంచులు కుట్టేసి లోపల దూది పరిస్తే కుట్టుపిట్ట, దాని గూడు కళ్లముందే ఉన్నా చాలామంది గమనించరు. ఏసీ డబ్బా మీద, కిటికీ సజ్జ మీద పది పుల్లలు అడ్డదిడ్డంగా వేసి రెండు తెల్లటి గుడ్లు పెట్టేది గువ్వ. గోరింక, పిచ్చుక గోడ కంతల్లో పెడతాయి, లోపలి పిల్లలు మీకు కనిపించవు, గొంతులు మాత్రం బాగా వినిపిస్తాయి.

ఇంకో సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పెంపుడువి కాని పక్షుల గుడ్లు పాడుచేయడం, గుడ్లనూ గూళ్లనూ కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా వేట కిందికే వస్తుంది. పెయింటింగ్ పని ఉందనో, రెట్టలతో గోడ పాడవుతోందనో గుడ్లున్న గూడును పీకేయకండి. మూడు నాలుగు వారాలు ఆగితే అవే పోతాయి.

కూర్చునే చోటు మీరు కాదు, పిట్ట ఖాయం చేస్తుంది

మొదట దూరంగా మొదలుపెట్టండి. గూటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో వంటింటి కిటికీ వెనకో, డాబా మెట్ల మీదో, కారు పక్కనో కూర్చోండి. కిటికీ అయితే అన్నిటికంటే మేలు, లోపల లైటు ఆపేసి కర్టెన్ కొంచెం పక్కకు జరిపితే చాలు, మీరున్నట్టే పిట్టకు తెలియదు. ఆరుబయట అయితే గోడకో చెట్టుకో ఆనుకుని కూర్చోండి, మసక రంగు బట్టలు వేసుకోండి, చేతులు ఊపకండి. రోజూ అదే చోట, అదే వైపు నుంచి వచ్చి కూర్చుంటే అవి మిమ్మల్ని కొంత అలవాటు చేసుకుంటాయి.

ఇప్పుడు పిట్టను చూడండి. నోట్లో పురుగుతో వచ్చి, ఒక కొమ్మ మీద ఆగి, చుట్టూ చూసి నేరుగా గూట్లోకి పోయిందంటే మీ చోటు సరిగ్గానే ఉంది. అలాకాక అదే పురుగును ముక్కున కరిచి పట్టుకుని దండెం మీద ఓసారి, ప్రహరీ మీద ఓసారి, మళ్లీ దండెం మీద ఓసారి వాలుతూ, గొంతు పెంచి అరుస్తూ, గూటి వైపు మాత్రం పోకుండా తిరుగుతోందంటే, ఆ అరుపు మీ మీదే. వెంటనే లేచి నాలుగైదు గజాలు వెనక్కి పోండి. అప్పటికీ అయిదారు నిమిషాల్లో లోపలికి పోకపోతే ఆ చోటే వదిలేయండి. మీరు ఇంకొక్క ఫోటో అనుకుంటూ కూర్చున్నంతసేపూ అక్కడ కళ్లు తెరవని పిల్లలు మెడలు చాచి ఆకలితో ఎదురుచూస్తుంటాయి, పైగా తల్లి అరుపు విని కాకి ఆ వైపు చూపు తిప్పుతుంది.

గువ్వల దగ్గర మాత్రం ఈ గుర్తు పనిచేయదు. అవి పురుగులు మోసుకురావు, గొంతులోని సంచిలో ఊరే పాలలాంటి పదార్థాన్ని పిల్లల నోట్లోకి వంపుతాయి. కాబట్టి గువ్వ గూడైతే పెద్దది గూటి మీద ఒదిగి ప్రశాంతంగా కూర్చుందా, మెడ నిక్కబొడుచుకుని ఎగరడానికి సిద్ధంగా ఉందా అన్నది చూసుకోండి. మెడ నిక్కితే మీరు ఆగాలి.

ఏ వేళకు చూడాలి

పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగున్నర దాటాక. మేత తేవడం ఎక్కువగా ఈ వేళల్లోనే కనిపిస్తుంది. మధ్యాహ్నం వద్దని ఎందుకంటున్నానో కొంచెం వివరంగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. ఆ వేళ తల్లిపిట్ట గూటి మీద రెక్కలు కొంచెం విప్పి నిలబడి ఉండటం గమనిస్తారు, అది వెచ్చదనం ఇవ్వడానికి కాదు, నీడ పట్టడానికి. నోరు తెరిచి ఒగరుస్తూ కూడా అక్కడి నుంచి కదలదు. మీరు దగ్గరికి పోతే అది లేచిపోతుంది, ఒంటి మీద ఈక లేని పిల్లల మీద నేరుగా ఎండ పడుతుంది, కాసేపట్లోనే ప్రాణం మీదికి వస్తుంది. పదకొండు నుంచి నాలుగు దాకా గూటి వైపు పోవద్దు, బట్టలు ఆరేసే పని కూడా వీలైతే ఇంకో దండెం మీద చూసుకోండి. నీళ్లు పెట్టాలనిపిస్తే మట్టి మూకుట్లో పెట్టండి, కానీ గూటి కింద కాదు, ఇంటికి అవతలి పక్కన. గూటి దగ్గర నీళ్లూ గింజలూ పెడితే కాకులను మనమే పిలిచి గూడు చూపించినట్టవుతుంది.

ఏం చూడాలి, ఏం రాసుకోవాలి

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, టైమ్, ఎండా మబ్బా, ఆ గంటలో పెద్దవి ఎన్నిసార్లు వచ్చాయి, ముక్కులో ఏముంది, ఏం బయటికి తీసుకుపోయింది. ఇంతే. బైనాక్యులర్ ఉంటే మంచిది, కొనాలనుకుంటే 8x42 రకం, అంటే ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపేది, చేతికి వణుకు లేకుండా సరిపోతుంది. లేకపోతే ఫోన్‌ను కిటికీ చువ్వకు ఆనించి వీడియో తీసి తర్వాత పెద్దది చేసి చూసుకోండి.

ముక్కులో ఉన్నదాన్ని జాగ్రత్తగా చూస్తే పిల్లల వయసు తెలుస్తుంది. మొదటి రోజుల్లో పిగిలిపిట్ట చిన్న చిన్న మెత్తటి పురుగులు తెస్తుంది, రోజులు గడిచేకొద్దీ మిడతలు, గొంగళి పురుగులు, ఆ తర్వాత పండ్లు. పెద్ద పిట్ట తాను పండ్లు ఎక్కువ తిన్నా పిల్లలకు మాత్రం పురుగులే ఎక్కువ పెడుతుంది, ఒళ్లు పెరగాలిగా. మా వెనకింటి కరివేపాకు చెట్టులో గూడున్నప్పుడు మిడతను తెచ్చే పిట్ట గూటికి పోయే ముందు దండెం తీగ మీద ఆగి, దాన్ని అటూ ఇటూ తీగకేసి కొట్టేది, కాళ్లు ఊడి కింద పడేవి. తర్వాత లోపలికి పోయి, అన్నిటికంటే ఎత్తుగా మెడ చాచిన పిల్ల నోట్లో పెట్టి ఒక్క క్షణం ఆగేది. పిల్ల మింగకపోతే అదే మిడతను మళ్లీ బయటికి లాగి పక్కదాని నోట్లో పెట్టేది. కడుపు నిండిన పిల్ల గొంతు వెంటనే మింగదు, ఆకలిగా ఉన్నది గుటుక్కున మింగేస్తుంది. ఎవరికి పెట్టాలో తల్లి అలా తేల్చుకుంటుంది. ఇరవై అడుగుల దూరం నుంచే ఇదంతా కనిపిస్తుంది, గూట్లో తల పెట్టి చూస్తే మాత్రం ఇందులో ఒక్కటీ కనిపించదు, ఎందుకంటే అప్పుడు తల్లి రాదు.

మేత పెట్టాక పెద్దపిట్ట వెంటనే ఎగిరిపోకుండా గూటి అంచు మీద వంగి ఎదురుచూస్తే అది పిల్ల రెట్ట కోసం. పిల్ల వెనక్కి తిరిగి తోక పైకెత్తుతుంది, తెల్లటి పల్చటి తిత్తిలో మూట కట్టినట్టు రెట్ట వస్తుంది. మొదటి రోజుల్లో పెద్దవి దాన్ని మింగేస్తాయి, పిల్లలు పెరిగాక ముక్కున కరుచుకుని దూరంగా పడేసి వస్తాయి. గూడు శుభ్రంగా ఉంటుంది, వాసన పట్టి వచ్చే పాములకూ చీమలకూ దారి కొంత తగ్గుతుంది. తెల్లటి మూటలు బయటికి పోతున్నాయంటే లోపల పిల్లలు తింటున్నాయి, అరిగించుకుంటున్నాయి, బాగున్నాయి.

లోపలికి ఒకసారి చూడాలనిపిస్తే

అనిపిస్తుంది, తప్పులేదు. మూడు నాలుగు రోజులకు ఒకసారి, అంతకంటే వద్దు. పెద్దపిట్ట తనంతట తాను ఎగిరిపోయాక పోండి, దాన్ని లేపి కాదు. సెల్ఫీ స్టిక్‌కు ఫోన్ బిగించి, ఫ్లాష్ ఆపి, పైనుంచి ఒక్క ఫోటో తీసి అర నిమిషంలో వెనక్కి రండి. ఆకులు అడ్డమున్నాయని కొమ్మ తుంచకండి, ఆ ఆకులే దానికి ఎండ నుంచీ కాకి నుంచీ కాపలా. చుట్టుపక్కల కాకి ఉంటే ఆ పూట మానుకోండి, కాకులు మనం ఎక్కడికి పోతున్నామో గమనిస్తాయి. వాన పడుతున్నప్పుడు, చీకటి పడే వేళ అసలే వద్దు.

ఫోటోలో ఏం కనిపిస్తుందంటే, పుట్టిన రోజు పిల్ల ఒంటి మీద ఏమీ ఉండదు, ఎర్రటి చర్మం, మూసుకుపోయిన కళ్లు. కొమ్మ కొంచెం కదిలినా తల్లే వచ్చిందనుకుని నోరు తెరుస్తుంది. నాలుగైదు రోజులకు కళ్లు సన్నగా విచ్చుకుంటాయి, రెక్కల మీద నల్లటి తొడుగుల్లో ఈకలు పొడుచుకొస్తాయి. వారం దాటాక ఆ తొడుగుల కొసలు చిట్లి ఈకలు విచ్చుకుంటాయి.

అక్కడితో దగ్గరి చూపు ఆపేయాలి. ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈకలు విచ్చుకున్న పిల్లలకు భయం తెలుస్తుంది, మీరు దగ్గరికి పోతే నోరు తెరవడానికి బదులు గూటిలో అణిగి కూర్చుంటాయి, ఇంకాస్త దగ్గరికి పోతే ఎగరడం రాకపోయినా ఒక్కసారిగా బయటికి దూకేస్తాయి. రెండు మూడు రోజుల ముందే దూకిన పిల్లకు పిల్లి నుంచి తప్పించుకునే బలం ఉండదు. మళ్లీ గూట్లో పెట్టినా చాలాసార్లు ఉండదు, మళ్లీ దూకుతుంది. చివరి నాలుగైదు రోజులు కిటికీ నుంచి మాత్రమే చూడండి, ఇంట్లో చిన్నపిల్లలకు కూడా ముందే చెప్పి పెట్టండి.

పిల్ల కింద పడితే

మా పెద్దమ్మ "ముట్టకు బిడ్డా, మనిషి వాసన తగిలితే తల్లి మళ్ల రాదు" అనేది. ఊళ్లలో అందరూ ఇదే అంటారు. వాసన వల్ల తల్లి వదిలేయడం అన్నది నిజం కాదు, ఈ పిట్టలు మన వాసన పట్టుకుని పిల్లల్ని కాదనవు. మనం మాటిమాటికీ గూటి దగ్గర తిరగడం వల్ల మాత్రం వదిలేస్తాయి, ముఖ్యంగా గుడ్ల దశలో. కాబట్టి ఒంటి మీద ఈకల్లేని పిల్ల కింద కనిపిస్తే మెత్తగా పట్టుకుని అదే గూట్లో పెట్టేయండి, దూరం జరగండి. గూడే ఊడిపడితే చిన్న వెదురు బుట్టనో, ఈత బుట్టనో తీసుకుని, అడుగున నీళ్లు పోయేలా కంతలున్నాయో లేదో చూసి, పాత గూడును అందులో ఉంచి, మొదట ఉన్న చోటికి వీలైనంత దగ్గర నీడలో గట్టిగా కట్టండి. తర్వాత దూరం నుంచి చూడండి, ముక్కులో మేతతో పెద్దది వచ్చి అందులోకి దిగిందంటే పని అయిపోయినట్టే.

ఒళ్లంతా ఈకలుండి, తోక మాత్రం పొట్టిగా ఉండి, గెంతుతూ తిరిగే పిల్లయితే అది పడిపోలేదు, గూడు దాటి వచ్చింది. ఆ వయసులో అవి అలాగే ఉంటాయి, తల్లిదండ్రులు పొదల్లోనే వాటికి ఇంకొన్ని రోజులు మేత పెడతాయి. అట్టపెట్టెలో వేసి ఇంట్లోకి తీసుకుపోకండి. పిల్లి తిరిగే చోటైతే దగ్గర్లో ఏదైనా కొమ్మ మీదికి ఎక్కించి మీరు లోపలికి పోండి. మీ ఇంటి పిల్లి అయితే ఆ నాలుగు రోజులు దాన్నే లోపల కట్టడి చేయండి.

నోట్లో నీళ్లు పోయకండి. పాలు, అన్నం, బ్రెడ్డు ఏదీ వద్దు. పిట్టపిల్లకు ఊపిరి గొట్టం నాలుక మొదట్లోనే ఉంటుంది, మనం జాలితో పోసిన నాలుగు చుక్కలు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెక్క విరిగితే, రక్తం కారుతుంటే గాలి ఆడే పెట్టెలో చీకటిగా, కదిలించకుండా ఉంచి అటవీశాఖ వాళ్లకో పశువుల డాక్టరుకో చెప్పండి.

ఇంత చేసినా ఒకరోజు పొద్దున లేచి చూస్తే గూడు ఖాళీగా ఉండొచ్చు. కాకి, జెముడుకాకి, జెర్రిపోతు, ఆఖరికి తొండ కూడా గుడ్ల మీదికి, పిల్లల మీదికి వస్తాయి, పిగిలిపిట్ట గూళ్లలో చాలావాటికి ఇదే జరుగుతుంది. బాధేస్తుంది, పిల్లలు ఏడుస్తారు. కానీ జెర్రిపోతును కర్రతో కొట్టి చంపడం మాత్రం వద్దు, దానికీ అది మేతే.

ఇల్లు దాటి చూడాలనుకుంటే

వానలు పడ్డాక గిజిగాళ్ల దగ్గరికి పోండి. నర్సంపేట, పర్వతగిరి వైపు వ్యవసాయ బావుల మీదికి వంగిన ఈత చెట్లకు, తుమ్మలకు గుంపుగా గూళ్లు వేలాడుతుంటాయి. తల మీద పసుపు రంగున్న మగవి గడ్డి పోచలు చీల్చి తెచ్చి అల్లుతాయి, సగం అల్లాక ఆడవి వచ్చి పరీక్షించి నచ్చితేనే ఉంటాయి. ఆడది గుడ్లు పెట్టాక మగది పక్కన ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడదాన్ని పిలుస్తుందని పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930 ప్రాంతంలో మహారాష్ట్రలోని కిహిం దగ్గర మాటున కూర్చుని చూసి తేల్చారు. మీరు బావికి అవతలి గట్టున కూర్చోండి. గూటి లోపలి పిల్లలు కనిపించవు, అయినా ఏ గూట్లోకి ఆడది పురుగులతో మాటిమాటికీ పోతోందో లెక్కపెడితే ఎన్ని గూళ్లలో పిల్లలున్నాయో తెలిసిపోతుంది. అందంగా ఉందని గూడు కోసి ఇంట్లో వేలాడదీసేవాళ్లకు, లోపల పిల్లలుండొచ్చని చెప్పండి.

తీతువు అరుపు అపశకునమని మనవాళ్లు భయపడతారు. చాలాసార్లు అది నేల మీద పెట్టిన తన గుడ్ల వైపో పిల్లల వైపో మనం అడుగు వేసినందుకే అరుస్తుంది. గులకరాళ్ల రంగులో ఉండే నాలుగు గుడ్లు చెలకలో ఉత్త నేల మీదే ఉంటాయి, పిల్లలు పుట్టిన కొన్ని గంటలకే పరుగెత్తుతాయి. ఎండ బాగా ఉంటే పెద్దది చెరువులో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. తీతువు నెత్తి మీదికి దూసుకొస్తే ముందుకు పోకండి, కాలు ఎక్కడ పెడుతున్నారో చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి రండి, గట్టు మీద నుంచి చూడండి.

దసరాకు అందరం వెతికే పాలపిట్ట గూడు మార్చి నుంచి జూన్ దాకా చెట్టు తొర్రల్లో, ఎండిపోయిన తాటి మోడుల్లో ఉంటుంది. తొర్రలో చేయి పెట్టడం, టార్చి కొట్టడం వద్దు. పొలం గట్టున పనికిరాదనిపించే మోడును కొట్టేయకుండా ఉంచితే దానికి అదే పెద్ద సాయం.

గూటి ఫోటో పెట్టాలనుకుంటే పిల్లలు ఎగిరిపోయాక పెట్టండి, ఊరు పేరు చాలు, వీధి పేరు, లొకేషన్ వద్దు. పిల్లల్ని పట్టి అమ్మేవాళ్లూ అవే ఫోటోలు చూస్తారు. మీ నోట్‌బుక్‌లోని వివరాలు, చూసిన పక్షులను నమోదు చేసుకునే ఈబర్డ్ యాప్‌లో ఎక్కించొచ్చు, మేత మోసుకుపోవడం, పిల్లలున్న గూడు లాంటి వాటికి అందులో విడిగా గుర్తులుంటాయి.

గూడు ఖాళీ అయ్యాక ఒక వారం ఆగి, పెద్దవి రావట్లేదని ఖాయం చేసుకున్నాకే తీయండి. లోపల సన్నటి పేలు ఉంటాయి కాబట్టి గ్లౌజు వేసుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. తీరిగ్గా విప్పి చూస్తే ఏ చెట్టు వేర్లు, ఏ ఇంటి ప్లాస్టిక్ దారం వాడిందో అంతా తెలుస్తుంది. పిగిలిపిట్ట అదే గూట్లోకి మళ్లీ రావడం అరుదు, కానీ ఒకే ఏడాదిలో రెండోసారి దగ్గర్లోనే ఇంకో గూడు కట్టడం మామూలే. ఫిబ్రవరి నుంచి వానలు వెనక్కి పట్టేదాకా వాటి సీజనే, కాబట్టి కొమ్మలు కొట్టించే పనుంటే అక్టోబరు దాటాక పెట్టుకోండి, అప్పుడు కూడా కత్తి పెట్టే ముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి.